అత్త గేటుకి కట్టిన పలక

మా వీధిలో ప్రతి గేటుకీ ఒక పలక వేలాడేది. బళ్ళో అక్షరాలు దిద్దుకునే నల్ల పలకే. చెక్క చట్రానికి చిల్లు పొడిచి, పురికొస కట్టి గేటుకి తగిలించేవాళ్ళు. ఇంటాయన ఉక్కు ప్లాంటులో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే, రాసిన వైపు వీధిలోకి కనబడేట్టు పెట్టేవాళ్ళు. లేచాక ఖాళీ వైపు తిప్పేవాళ్ళు. రాసిన వైపు కనబడిందంటే పాలవాడు గంట కొట్టడు. కూరగాయలవాడు బండిని మెల్లగా తోసుకుపోయి, నాలుగిళ్ళు దాటాకే అరుస్తాడు. పిల్లలు బంతి పట్టుకుని పక్క వీధికి పోతారు.

అరవైల మొదట్లో భిలాయి సెక్టర్ ఆరులో ఇళ్ళన్నీ ఒకే అచ్చు. కంపెనీ కట్టించిన క్వార్టర్లు, కంపెనీ వేయించిన సున్నం. మా ఇంటికి ఒక పక్క పంజాబీలు, ఇంకో పక్క బెంగాలీలు, ఎదురుగా మలయాళీలు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. పలక మాత్రం అందరికీ అర్థమయ్యేది. దాన్ని ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. మా నాన్న మాత్రం తానే కనిపెట్టినట్టు మురిసిపోయేవాడు.

నాన్న రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్. విజయనగరం నుంచి వచ్చినవాడు. షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేశాడంటే చేతిలో పుస్తకమే. అవన్నీ రాజ్యం, చట్టం, మనిషి హక్కు అంటూ సాగే పుస్తకాలు. సెలవు పడ్డ ఆదివారాల్లో పక్కింటి బెంగాలీ బాబాయి వరండాలోకి వచ్చి కూర్చునేవాడు. ఇద్దరూ హిందీలో మొదలుపెట్టి, కోపం వచ్చినప్పుడు ఇంగ్లీషులోకి దిగి, గెలవలేనప్పుడు ఎవరి భాషలోకి వాళ్ళు జారిపోయేవాళ్ళు. అమ్మ వంటింట్లోంచి, "స్వేచ్ఛకి ఇంకో రెండు టీలు కావాలేటి?" అని అడిగేది. కావాలనేవాడు నాన్న. వెటకారం ఆయన చెవికి ఎక్కేది కాదు.

నాన్న వాదన ఒకటే. "నా జోలికి రావద్దు అన్నప్పుడు ఎవరూ రాకపోవాలి. స్వేచ్ఛంటే అదే. మిగతావన్నీ దాని తర్వాత." బెంగాలీ బాబాయి తల అడ్డంగా తిప్పేవాడు. ఎవరూ జోలికి రాని మనిషి స్వతంత్రుడు కాడు, జాతరలో తప్పిపోయిన పిల్లాడు అనేవాడు. అప్పుడు నాన్న లేచి వెళ్ళి గేటు మీది పలక చూపించేవాడు. "నేను పడుకుంటే నా నిద్రకి ఈ వీధంతా కాపలా కాస్తుంది. పోలీసు లేడు, జరిమానా లేదు. ఇది తప్పిపోవడమా?" అనేవాడు. బాబాయి టీ తాగి వెళ్ళిపోయేవాడు.

ఉద్యోగంలో నేను చాలా ఏళ్ళు కాలేజీలో రాజనీతి చెప్పాను. స్వేచ్ఛ మీద పెద్దవాళ్ళు రాసినవన్నీ చదివాను. అడ్డు లేకపోవడమే స్వేచ్ఛ అని కొందరు, చేతనవడమే స్వేచ్ఛ అని కొందరు. నాకు వాళ్ళంతా మా వరండాలో కూర్చున్న ఆ ఇద్దరిలాగే కనబడేవారు. పిల్లలకి పాఠం చెబుతున్నంతసేపూ నాకు మా అత్త గేటు గుర్తొచ్చేది. ఆ సంగతి క్లాసులో ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

అత్త అంటే నాన్న ఆఖరి చెల్లెలు. చిన్నతనంలోనే పెళ్ళి చేశారు, చిన్నతనంలోనే భర్త పోయాడు. అత్తవారిది పెద్ద ఇల్లు. అందరికీ గదులున్నాయి. ఈవిడ పక్క మాత్రం వంటింటికీ పెరటికీ మధ్యనున్న నడవలో వేసేవారు. రాత్రి నీళ్ళు కావలసినవాడు, పెరట్లోకి వెళ్ళవలసినవాడు, అందరూ ఆవిణ్ణి దాటుకునే వెళ్ళాలి. దాటేటప్పుడు ఏదో ఒక పని పురమాయించి మరీ వెళ్ళేవారు. నాన్న ఒకసారి చూడ్డానికి వెళ్ళి, అది చూసి, ఆ ఇంటివాళ్ళతో పెద్ద రభస చేసి చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చేశాడు. విశాఖపట్నంలో నర్సు ట్రైనింగులో చేర్పించాడు. విధవని నర్సుని చేస్తావా అని మా పెదనాన్న ఏడాదిపాటు నాన్నతో మాట్లాడలేదు. మా నాన్న స్వేచ్ఛ ఒట్టి వరండా కబుర్లు కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ప్లాంటు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చాక అత్త మా ఇంటికే వచ్చింది. మావి రెండు గదులు, ఒక వరండా, వెనక సామాన్లు పెట్టుకునే చిన్న గది. అత్తకి వారాల తరబడి నైట్ డ్యూటీ పడేది. పొద్దున్న వచ్చి ముందుగదిలో పడుకునేది. కానీ పలక ఇంటాయన నిద్రకే తిప్పాలని మా వీధిలో అందరి లెక్క. నాన్న పొద్దుటి షిఫ్టులో ఉంటే మా పలక ఖాళీగా ఉండేది. పాలవాడు గంట కొట్టేవాడు, పక్కింటివాళ్ళు పంచదారకి వచ్చేవాళ్ళు, నేను బడి నుంచి వచ్చి సంచీ విసిరేసేదాన్ని. అత్త లేచి, నవ్వి, మళ్ళీ దుప్పటి కప్పుకునేది. ఒకరోజు తనే వెళ్ళి పలక తిప్పి వచ్చింది. గంటలో నలుగురు వచ్చారు, నాన్నకి ఒంట్లో బాగులేదా అని అడగడానికి.

ఆ సాయంత్రమే అత్త నాన్నతో అంది. "అన్నయ్యా, నాకు చిన్న క్వార్టరు ఇస్తామంటున్నారు. తీసీసుకుంటాను."

నాన్న నోరు తెరవకముందే అమ్మ అందుకుంది. "ఇక్కడేటి తక్కువయింది నీకు?"

"తక్కువేటీ లేదొదినా. నాకో తలుపు కావాలి. నేనే వేసుకుని, నేనే తీసుకునేది."

"ఒక్కర్తివీ ఉంటావేటి? ఊరంతా ఏటనుకుంటాది?"

"ఊరెక్కడుందొదినా ఇక్కడ? ఇది సెక్టరు."

నాకు నవ్వొచ్చింది. అమ్మకి రాలేదు. నాన్న మాత్రం సైకిల్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. రాజ్యం మనిషి జోలికి రాకూడదని అన్ని ఆదివారాలు వాదించినవాడికి, చెల్లెలు నా జోలికి రాకు అంటే మింగుడుపడలేదు. ఆ వారం వరండాలో బెంగాలీ బాబాయితో కూడా వాదించలేదు. ప్లాంటు క్యాంటీన్‌లో చారు బాగులేదని చెప్పుకున్నారు ఇద్దరూ.

చివరికి ఒకరోజు పొద్దున్న, అత్త ట్రంకుపెట్టె తనే సైకిల్ మీద పెట్టి కట్టాడు. మా సెక్టర్లోనే, ప్లాంటు నుంచి వచ్చే దారిలో, ఒక గది, ఒక వంటగది, వెనక చిన్న వాకిలి ఉన్న క్వార్టరు. కొత్త పలక ఒకటి కొనుక్కొచ్చాడు. తన చేత్తోనే గేటుకి కట్టాడు. అందరి పలకల మీదా 'పడుకున్నారు' అని ఇంట్లోవాళ్ళు రాసేవాళ్ళు. అత్త తన పలక మీద 'నిద్రపోతున్నాను, తర్వాత రండి' అని తెలుగులో రాసి, కింద హిందీలో కూడా రాసింది. నాన్న అది చదివి చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక అమ్మకీ నాకూ ఒక మాట చెప్పాడు.

"దాని పలక తిప్పి ఉంటే మనింట్లోంచి ఎవరూ గేటు ముట్టుకోవద్దు. నేనయినా సరే. మనమే లేపీస్తే ఇంక దానికి క్వార్టరెందుకు?"

ఆ ఇంట్లో అత్త ఏం చేసేదా అని చాలామందికి కుతూహలం. ఏమీ చేసేది కాదు. మంచం మీద కూర్చుని అన్నం తినేది. జుట్టు విరబోసుకుని రేడియో పెట్టుకునేది. పాట వచ్చేది కాదు, అయినా గొంతెత్తి పాడేది. ఒక్కోసారి గోడకేసి చూస్తూ ఊరికే కూర్చునేది. "ఏం చేస్తున్నావత్తా?" అంటే, "ఏమీ చేయట్లేదే. ఎంత బాగుందో" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉండేదో నేను మర్చిపోలేదు. గుమ్మం దగ్గర వేలాడే తాళంచెవిని అటూ ఇటూ ఆడిస్తూ మాట్లాడ్డం ఆవిడకి అలవాటు.

అమ్మ మొదట్లో వెళ్ళేది కాదు. ఎప్పుడో ఒక మధ్యాహ్నం ఆవకాయ ఇచ్చి వస్తానని వెళ్ళి, పొద్దు గూకాక వచ్చింది. ఇంత ఆలస్యమేమిటని అడిగాను. "పడుకుండిపోయేను" అంది సిగ్గుపడుతూ. అత్త తనే పలక తిప్పి, తలుపు గడియ వేసి, వదినని పడుకోమని చెప్పి వెనక వాకిట్లో కూర్చుందట. మా అమ్మ పగటిపూట పడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత అత్తకి సెలవైన ప్రతి వారం ఏదో ఒకటి ఇచ్చి వస్తానని వెళ్ళేది. మాకు అర్థమైపోయింది. నాన్న కూడా అడగడం మానేశాడు.

నా సంగతీ అత్తే చూసింది. మా సామాన్ల గది ఖాళీ చేయించి, చదువుకోవడానికి నాకు ఇప్పించింది. దానికి లోపల గడియ ఉండాల్సిందేనని పట్టుబట్టి నాన్న చేత పెట్టించింది. "బడి అయిపోగానే నువ్వు రాయపూర్ కాలేజీకి వెళ్ళాలి. హాస్టల్లో ఉండాలి. గదిలో కూర్చుని ఏం ఆలోచించేవో ఎవరికీ చెప్పక్కర్లేదు" అనేది. నాన్నతో కూడా మాట తీసుకుంది. నేను ఆ మాట పట్టుకుని బతికేదాన్ని.

అత్తకి చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెకి తగిలిందట. గబగబా నడిస్తే ఆయాసం వచ్చేది. మధ్యలో ఆగి, ఎవరింటి ముందో పువ్వులు చూస్తున్నట్టు నిలబడేది. నర్సు కదా, తన జబ్బు సంగతి తనకి తెలుసు. మాకు చెప్పేది కాదు.

ఆ ఏడు చలి గట్టిగా ఉంది. పొద్దున్న షిఫ్టుకి వెళ్ళే సైకిళ్ళు మంచులోంచి గంటలు మోగించుకుంటూ పోయేవి. అత్తకి నైట్ డ్యూటీ. ఒక శుక్రవారం మధ్యాహ్నం నాన్న ప్లాంటు నుంచి వస్తూ, చెల్లెలికి ఇష్టమని దారిలో జామకాయలు కొన్నాడు. గేటు దగ్గరికి వచ్చి చూస్తే పలక తిప్పి ఉంది. సంచి గేటు కొక్కేనికి తగిలించాడు. సైకిల్ ఎక్కితే చైను చప్పుడవుతుందని వీధి చివరిదాకా నడిపించుకుని వచ్చాడు. ఇంటికి వచ్చి అమ్మతో, "పడుకుంది. లేపలేదు" అన్నాడు. ఆ చెప్పడంలో ఒక సంతోషం ఉంది.

శనివారం మధ్యాహ్నం కూడా అటే వచ్చాడు. సంచి అలాగే ఉంది. పలక అలాగే ఉంది. "పాపం, డ్యూటీకి వెళ్తూ చీకట్లో సంచి చూసుకోలేదులాగుంది. ఇప్పుడు ఒళ్ళు తెలీకుండా పడుకుంది. వార్డులో బాగా అలిసిపోయినట్టుంది" అన్నాడు. అమ్మ చేతిలో పని ఆపి, "ఓసారి చూసి రానా?" అంది. నాన్న వద్దన్నాడు. లేచాక తనే వస్తుందిలే అన్నాడు.

ఆదివారం. వరండాలో నాన్న, బెంగాలీ బాబాయి కూర్చున్నారు. ఆ రోజు ఏం వాదించుకుంటున్నారో నాకు గుర్తులేదు, నాన్న గెలుస్తున్నాడని మాత్రం గుర్తుంది. ఆసుపత్రి ఆయా ఒకామె గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. "సిస్టర్ డ్యూటీకి రాలేదు" అంది హిందీలో. అత్తకి గురువారం రాత్రితో నైట్ డ్యూటీ అయిపోయిందట. రెండు రోజులు సెలవట. ఆదివారం పొద్దున్న రావాలట. మాకు అదేమీ తెలియదు.

"ఇంటికి వెళ్ళి చూశావా?" అన్నాడు నాన్న.

"తఖ్తీ లగీ హై బాబూజీ. ఇస్‌లియే జగాయా నహీఁ," అంది ఆవిడ. పలక తిప్పి ఉంది, అందుకే లేపలేదు, ఇక్కడికి వచ్చాను అని.

నాన్న లేచాడు. చెప్పులు వేసుకోలేదు. వెనకాల అమ్మ, బాబాయి, నేను. అత్త గేటు దగ్గరికి వెళ్ళేసరికి నాన్న పలక పట్టుకుని నిలబడి ఉన్నాడు. జామకాయలు మెత్తబడి సంచిలోంచి వాసన వస్తోంది. ఉడత ఒక కాయ కొరికి వదిలేసింది. నాన్న గేటు తియ్యట్లేదు. అమ్మ ఆయన్ని తోసుకుని లోపలికి వెళ్ళి తలుపు మీద కొట్టింది.

"మెల్లగా," అన్నాడు నాన్న.

 అమ్మ రెండు చేతులతో తలుపు బాదింది. చివరికి బాబాయి వెనక వాకిలి గోడ దూకి, వెనక తలుపు తోసుకుని వెళ్ళి ముందు తలుపు తీశాడు. అత్త మంచం మీద పక్కకి ఒత్తిగిలి ఉంది. దుప్పటి భుజం దాకా కప్పుకుని ఉంది. నన్ను లోపలికి రానివ్వలేదు, గుమ్మంలోంచే చూశాను. నిద్రపోతున్నట్టే ఉంది.

పక్కింటి పంజాబీ ఆవిడ గోడ పట్టుకుని ఏడ్చింది. "మైఁ తో బచ్చోం కో చుప్ కరాతీ రహీ," నేనేమో పిల్లల్ని చప్పుడు చెయ్యనివ్వకుండా కూర్చున్నానని, అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. రెండు రోజులూ తన పిల్లల్ని ఆ గోడ పక్కన ఆడనివ్వలేదు, దీదీ పడుకుందని. పాలవాడు గంట కొట్టకుండా వెళ్ళాడు. వీధిలో అందరూ ఎంతో జాగ్రత్తగా, ఎంతో మర్యాదగా, ఆవిడ జోలికి పోలేదు. ఎవరిదీ తప్పని నేను అనలేను. అందుకే ఇన్నేళ్ళయినా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియదు.

నాన్న డాక్టరుని ఒక్కటే అడిగాడు. "ఎవరైనా తట్టి ఉంటే?" డాక్టరు మంచివాడు. నిద్రలోనే మొదటిరోజే పోయి ఉండవచ్చన్నాడు. ఉండవచ్చు అంటే ఏమిటని నాన్న అడిగాడు. అంతకంటే ఏమీ చెప్పలేనన్నాడు ఆయన.

పెదనాన్న వచ్చాడు. అత్త బావగారు కూడా వచ్చాడు, నడవలో పక్క వేయించిన ఆ ఇంటి పెద్ద. ఆయన మా వరండాలో, బెంగాలీ బాబాయి కూర్చునే కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ అన్నాడు.

"మా ఇంట్లో ఉంటే పదిమంది మధ్యన ఉండును. నువ్వు తీసుకొచ్చి ఒంటరిగా వదిలీసేవు. ఆడది ఒక్కర్తీ తలుపేసుకుని ఉంటే ఇలాగే అవుతాది."

నాన్న ఒంటి కాలి మీద లేస్తాడని చూశాను. ఒకప్పుడు ఆ ఇంటి నడవలో నిలబడి ఇదే మనిషిని కడిగేసిన నాన్న. లేవలేదు. తల వంచుకుని, "నిజమే" అన్నాడు.

అత్త పోయిన రోజు ఏడ్చినదానికంటే నేను ఆ మాటకి ఎక్కువ ఏడ్చాను. చచ్చిపోయినావిడ తిరిగి రాదు. కానీ ఆవిడ సంపాదించుకున్నది ఒక్కటే, ఆ తలుపు. ఆవిణ్ణి పంపించేశాక దాన్ని కూడా తీసుకెళ్ళి ఆ నడవ మనుషుల చేతుల్లో పెట్టేశాడు నాన్న.

తర్వాతి ఆదివారం బెంగాలీ బాబాయి వచ్చాడు. "నువ్వే గెలిచావు" అన్నాడు నాన్న. బాబాయి కూర్చోలేదు. "నేనీ మాట వినడానికి రాలేదు," అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వరండాలో వాదనలు అంతటితో ఆగిపోయాయి. పుస్తకాలు అట్టపెట్టెలో కట్టి మంచం కిందకి తోసేశాడు నాన్న.

మా గేటు పలక తీసేశాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే పాలవాడి గంటకి, కూరగాయలవాడి అరుపుకి ఉలిక్కిపడి లేచేవాడు. "ఉన్నాను, ఉన్నాను" అంటూ వీధిలోకి వచ్చేసేవాడు. వాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. అమ్మ పలక కడతానంటే కట్టనివ్వలేదు.

ఇంట్లో లోపలి తలుపులకున్న గడియలన్నీ ఊడదీశాడు. నా గదిది కూడా. "ఇంట్లో ఎవరూ తలుపులు వేసుకోవద్దు" అన్నాడు. నేను చదువుకుంటూ ఉంటే గుమ్మంలోకి వచ్చి, "ఉన్నావా?" అనేవాడు. ఉన్నాను నాన్నా అనేదాన్ని. కాసేపటికి మళ్ళీ వచ్చేవాడు. ఎదురుగా కనబడుతున్నా అడిగేవాడు. మొదట జాలి వేసేది. రాను రాను ఊపిరాడేది కాదు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగితే బయట నుంచి, "ఉన్నావా?" అని వినబడేది. నేను జవాబు చెప్పేదాకా కదిలేవాడు కాదు.

బడి చదువు అయిపోయింది. రాయపూర్ మాట ఎత్తాను. "హాస్టల్లో తలుపులు వేసుకుంటారు" అన్నాడు నాన్న.  అత్తకి మాట ఇచ్చావు కదా అన్నాను. ముఖం అటు తిప్పుకున్నాడు. నేను పోట్లాడాను, అన్నం మానేశాను, రాక్షసిలా అరిచాను. ఆయనకి కోపం రాలేదు. నా మొహంలోకి భయంగా చూసేవాడు. మనిషి కోప్పడితే ఎదురు తిరగొచ్చు. భయపడుతున్నవాడి మీద ఎలా తిరగబడతాం? కాలేజీలో చేరే రోజులు ముంచుకొస్తున్నాయి.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ సుత్తీ, స్క్రూడ్రైవరూ పట్టుకుని నా గదిలోకి వచ్చింది. కొంగులో గడియ మూటకట్టుకుని ఉంది. నాన్న ఎక్కడ దాచాడో, ఎలా తీసిందో తెలియదు. "పట్టుకోవే," అంది. నేను గడియని తలుపు చెక్కకి ఆనించి పట్టుకుంటే అమ్మ మరలు బిగించింది. అలవాటు లేని చేతులు, రెండుసార్లు జారి వేలికి తగిలింది. అప్పుడే నాన్న షిఫ్టు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి చేస్తన్నావు?" అన్నాడు.

అమ్మ వెనక్కి తిరగలేదు. బిగిస్తూనే మాట్లాడింది. మా అమ్మ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడ్డం అదే చూశాను.

"ఆయనొచ్చి పదిమంది మధ్యన ఉండును అంటే నిజమే అన్నావు. ఆ పదిమందిలో ఒక్కడయినా దాన్ని ఉన్నావా అని అడిగేడేటి? దాటుకుని వెళ్ళీవారు. నువ్వే చెప్పేవు నాకు. ఈ ఊర్లో అది తలుపేసుకుని నవ్వడం నేను విన్నాను. ఆ ఇంట్లో నేను నిద్రపోయేను. ఆ నిద్ర నాకు పుట్టింట్లో లేదు, నీ ఇంట్లో లేదు. దాని గుండె ఆగిపోయింది. తలుపు దాని గుండెని ఆపలేదు. దాని పేరు చెప్పి నా పిల్ల తలుపు తీసీకు."

 అమ్మ గడియ వేసి చూసింది, తీసి చూసింది. నన్ను లోపలే ఉంచి, తలుపు దగ్గరికి లాగి, "వేసుకో" అని చెప్పి వెళ్ళిపోయింది. నేను వేసుకున్నాను.

వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు వినబడింది. తర్వాత అడుగులు నా తలుపు దాకా వచ్చి ఆగాయి.

"ఉన్నావా?" అన్నాడు నాన్న.

"ఉన్నాను నాన్నా. తియ్యమంటావా?"

తలుపు మీద ఆయన అరచెయ్యి ఆనిన చప్పుడయింది.

"వద్దులే. ఉన్నావు కదా," అన్నాడు.

వెళ్ళిపోతాడనుకున్నాను. తలుపుకి ఆనుకుని కింద కూర్చున్నట్టున్నాడు, చెక్క కిర్రుమంది. కాసేపటికి ఏడుపు వినబడింది. అత్తని తీసుకెళ్ళినప్పుడు ఏడవలేదు, డాక్టరు దగ్గర ఏడవలేదు, ఇప్పుడు తలుపుకి అటువైపు కూర్చుని, నోట్లో కండువా కుక్కుకున్నట్టు, అణిచిపెట్టి ఏడుస్తున్నాడు.

లేచి గడియ మీద చెయ్యి వేశాను. తీస్తే ఏడుపు మింగేసి లేచిపోతాడు, నాకు తెలుసు. తియ్యకపోతే ఒక్కడే ఏడుస్తాడు, అదీ తెలుసు. ఏది చెయ్యాలో తెలియక తలుపుకి ఇటువైపు నేనూ చతికిలబడ్డాను. మా ఇద్దరి వీపులకీ మధ్య ఒక్క చెక్క.

"నాన్నా, నేనిక్కడే ఉన్నాను," అన్నాను.

గేటు ముట్టుకోకుండా, తలుపు తట్టకుండా, బయట నిలబడి ఈ మాట అనొచ్చని ఆ రెండు రోజుల్లో మా నాన్నకి గాని, మా వీధిలో ఇంకెవరికి గాని తోచలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది. ఏడుపు ఇంకా పెద్దదయింది. నేను గడియ తియ్యలేదు. చాలాసేపటికి అటువైపు నుంచి, "ఊఁ" అన్నాడు.